సగం బ్యాండు కోసం ఏడు వారాలు: స్పీకింగ్ మూడో భాగం డైరీ

జనవరి 5

నవంబరులో రాసిన ఐఈఎల్‌టీఎస్ (విదేశాలకి వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిషు పరీక్ష) మార్కుల కాగితాన్ని ఇవాళ అల్మారా తలుపు లోపలివైపు అంటించాను. లిజనింగ్ 7.5, రీడింగ్ 7, రైటింగ్ 6.5, స్పీకింగ్ 6.5. నాలుగింటి సగటు కట్టి మొత్తం 7. ఈ మార్కునే బ్యాండు అంటారు. చూసినవాళ్లంతా "ఏడొచ్చిందిగా, ఇంకేం?" అంటున్నారు. బ్రిటన్‌లో నర్సుగా రిజిస్టర్ కావాలంటే అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్‌కి మొత్తం 7 ఉంటే సరిపోదు. లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్ మూడింట్లోనూ విడివిడిగా 7 ఉండాలి. రైటింగ్‌కి మాత్రం 6.5 చాలు. నాకు తగ్గింది స్పీకింగ్‌లో అర.

నేను గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సుని. తొమ్మిదేళ్ల సర్వీసు. ఓఈటీ, అంటే ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ల కోసం పెట్టే ఇంకో ఇంగ్లిషు పరీక్ష, రాయొచ్చుగా అని తోటి సిస్టర్లు అంటున్నారు. అందులో స్పీకింగ్ అంటే పేషెంటుతోనో, వాళ్ల బంధువుతోనో మాట్లాడినట్టు చేసే రెండు రోల్‌ప్లేలు. రోజూ చేసే పనే. కానీ ఫీజు దీనికంటే చాలా ఎక్కువ. పైగా మూడింట్లో గట్టెక్కిన పరీక్షని వదిలి కొత్తదాంట్లో నాలుగూ మొదట్నుంచి మొదలుపెట్టడానికి మనసొప్పలేదు.

ఫిబ్రవరి 24కి విజయవాడలో సీటు బుక్ చేశాను. ఏడు వారాలు చేతిలో ఉన్నాయి. ఈసారి స్పీకింగ్ మొత్తం కాదు, అందులో మూడో భాగం ఒక్కటే పట్టుకుంటాను.

జనవరి 6

ఎందుకు మూడో భాగమో రాసిపెట్టుకుంటే మంచిది. స్పీకింగ్ పరీక్ష మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. మొదటి భాగంలో ఊరు, ఉద్యోగం, తిండి, నిద్ర. అది ఎవరైనా చెప్తారు. రెండో భాగంలో ఒక కార్డు ఇచ్చి, ఒక నిమిషం ఆలోచించుకోనిచ్చి, రెండు నిమిషాల దాకా మాట్లాడమంటారు. అది కథ, నాకు కథలు వచ్చు. మూడోది చర్చ. నాలుగైదు నిమిషాలు ఉంటుంది. కార్డులో ఉన్న విషయాన్నే పట్టుకుని, ఈసారి నీ సంగతి వదిలేసి లోకం సంగతి అడుగుతారు. మొదటి భాగంలో పరీక్షకులు కాగితం మీద ఉన్న ప్రశ్నలే అడుగుతారు. మూడో భాగంలో మన జవాబుని బట్టి తవ్వుకుంటూ పోతారు.

నవంబరులో నా కార్డు, ఎవరికైనా సాయం చేసిన సందర్భం. దంచేశాను. తర్వాత పరీక్షకుడు అడిగింది: ఇరుగుపొరుగు ఒకరికొకరు సాయం చేసుకోవడం ఈ రోజుల్లో తగ్గిందా, ఎందుకు? నేను చెప్పింది యథాతథంగా గుర్తుంది. "యెస్ సర్, ఇట్ ఈజ్ రెడ్యూస్డ్. బికాజ్ ఎవ్రీబడీ ఈజ్ బిజీ. గవర్నమెంట్ షుడ్ టేక్ నెసెసరీ స్టెప్స్." అక్కడితో ఆగిపోయాను. పక్కింటివాళ్లు కూర గిన్నె ఇచ్చిపుచ్చుకోవడానికీ గవర్నమెంటుకీ సంబంధం ఏంటో నాకే తెలియదు.

స్పీకింగ్‌కి నాలుగు కొలతలు: ధారగా, పొందికగా మాట్లాడటం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. నాలుగూ సమానమే. మార్కుల కాగితంలో మాత్రం ఒక్క అంకే ఇస్తారు, ఏది ఎంత కిందికి లాగిందో చెప్పరు. రక్తపరీక్ష చేసి "కొంచెం తేడాగా ఉంది" అని మాత్రమే రిపోర్టు ఇచ్చినట్టు. కాబట్టి ముందు నా పరీక్ష నేనే చేసుకోవాలి.

సామాను: 200 పేజీల లాంగ్ నోట్‌బుక్, ఫోన్‌లో రికార్డర్, ఇయర్‌ఫోన్లు. మనుషులు: మా ఆడపడుచు కొడుకు, బీటెక్ రెండో ఏడాది. హాస్టల్ నుంచి ఫోన్లో ప్రశ్నలు అడగడానికి ఒప్పుకున్నాడు. రోజుకి అరగంట, నైట్ డ్యూటీ దిగిన రోజు సెలవు.

జనవరి 9

మొదటి రికార్డింగ్ 4 నిమిషాల 20 సెకన్లు. ఐదు ప్రశ్నలు. దాన్ని అక్షరాల్లో పెట్టడానికి గంటన్నర పట్టింది.

ముందు ఫోన్‌లో వాయిస్ టైపింగ్‌ని వాడాను. చదివితే ముచ్చటేసింది, భలే మాట్లాడానే అనుకున్నాను. తర్వాత ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటే తెలిసింది, ఫోను నా "ఆఁ"లు, "ఊఁ"లు, సగంలో మింగేసిన మాటలు అన్నీ మర్యాదగా ఏరి పారేసింది. అందుకని చేత్తోనే రాశాను. ఆగిన చోట గీత, మళ్లీ మొదలుపెట్టిన చోట సున్నా. పేజీ చూస్తే ఈసీజీ కాగితంలా ఉంది.

లెక్క: "దట్ మీన్స్" 14 సార్లు. "ఓన్లీ" 6. "గవర్నమెంట్" 3. జవాబు సగటున 22 సెకన్లు. ఐదు జవాబుల్లో నాలుగు "మై మదర్", "మై హాస్పిటల్", "మై సన్" అని మొదలయ్యాయి. అడిగింది జనం గురించి, నేను చెప్పింది నా గురించి. అంటే మూడో భాగంలో కూర్చుని మొదటి భాగం జవాబులు చెప్తున్నాను.

"దట్ మీన్స్" ఎక్కడిదో వినగానే తెలిసింది. మన "అంటే". తెలుగులో "అంటే..." అని ఒక రాగం తీసి, ఆ సందులో ఆలోచించుకుంటాం కదా, అదే చీర కట్టు మార్చుకుని ఇంగ్లిషులో కూర్చుంది. "ఓన్లీ" కూడా అంతే. "నిన్ననే" అన్నదాంట్లోని చివరి దీర్ఘాన్ని వదల్లేక "యెస్టర్‌డే ఓన్లీ" అంటాం.

జనవరి 11

మా వాడు, అదే ఆడపడుచు కొడుకు, ఒక ఐడియా ఇచ్చాడు. "దట్ మీన్స్" అన్నప్పుడల్లా డిబ్బీలో పది రూపాయలు వెయ్యాలి అత్తా అని. ఇవాళ 14 వేశాను. అంటే 140 రూపాయలు వాడికి పోయాయి. పైగా ఆ పది రూపాయల భయంతో అసలు నోరే పెగల్లేదు. ఆపేశాను.

జనవరి 15

సంక్రాంతికి తెనాలి పక్కన అత్తగారి ఊరు వచ్చాం. నోట్‌బుక్ తెచ్చాను గానీ తెరుస్తాననుకోలేదు. తెరిచాను. ఈ ప్రాజెక్టులో ఇప్పటిదాకా నేర్చుకున్నదంతా ఒకెత్తు, ఇవాళ పొయ్యి దగ్గర విన్నది ఒకెత్తు.

అత్తయ్య అరిసెలు వత్తుతోంది. నేను నూనెలోంచి తీసి చెక్కల మధ్య నొక్కుతున్నాను. చేతికి పని, నోటికి ఖాళీ. నిన్న రాత్రి మావాడు పంపిన ప్రశ్నని తెలుగులోకి మార్చి ఊరికే అడిగాను. "అత్తయ్యా, వెనకటితో పోలిస్తే జనం ఇప్పుడు కానుకలు ఎక్కువ ఇచ్చుకుంటున్నారంటావా?" ఫోన్ పక్కనే ఉంది, రికార్డర్ నొక్కాను. (తర్వాత చెప్పాను, తిట్టింది, ఆపైన మళ్లీ వినిపించమంది.)

చెప్పింది ఇది. "ఎక్కువేంటి అమ్మాయ్, లెక్కే లేదు. కానీ అది ఇవ్వడమా? మా పెళ్లికి చదివింపులు మైకులో చదివారు. ఫలానావారు పదకొండు రూపాయలు, ఫలానావారు స్టీలు బిందె. మీ మామయ్య అదంతా నోటుపుస్తకంలో రాయించారు. రేపు వాళ్లింట్లో పెళ్లయితే ఆ పుస్తకం తీసి చూసి, పదకొండు చదివించినోళ్లకి ఇరవై ఒకటి చదివించేవాళ్లం. అది కానుకెట్టా అవుద్ది? బాకీ. కాకపోతే ఆ బాకీ ఉందనే మనిషి మనిషింటికి పోయేవాడు. ఇప్పుడో, కవరు చేతిలో పెట్టి, ఫోటో దిగి, భోంచేసి వస్తుంటే వాళ్లే మనకో ప్లాస్టిక్కు డబ్బా ఇచ్చి పంపిస్తన్నారు. ఎవరు ఎవరికిచ్చినట్టు? అట్టని అందరూ అట్టా లేరులే. మీ చిన్నత్త చూడు, ఇప్పటికీ ఎవరికి పురుడొచ్చినా తన చేత్తో కుట్టిన బొంతే పట్టుకెళ్తది. దాన్ని ఏ పుస్తకంలో రాస్తారు?"

1 నిమిషం 50 సెకన్లు. ఒక్క "ఆఁ" లేదు.

రాత్రి అందరూ పడుకున్నాక దాన్ని కూడా నోట్‌బుక్‌లో రాసి, పక్కన గీతలు గీశాను. ముందు ప్రశ్నకి సూటిగా జవాబు. వెంటనే ప్రశ్ననే నిలదీయడం: అది ఇవ్వడమేనా? ఆపైన ఒక ఉదాహరణ, అందులో అంకెలు, వస్తువులు. దాన్నుంచి ఒక తీర్పు, "బాకీ" అని ఒక్క మాటలో. ఆ తీర్పుకి తనే ఒక సడలింపు. తర్వాత ఇప్పటి సంగతి. చివర్న ఒక మినహాయింపు, దానికో మనిషి. కోచింగ్ సెంటర్‌లో మాకు బట్టీ పట్టించిన "ఎవ్రీ కాయిన్ హ్యాజ్ టూ సైడ్స్", "దట్స్ ఎ వెరీ ఇంట్రెస్టింగ్ క్వశ్చన్" లాంటివి ఒక్కటీ లేవు. అయిదో తరగతితో బడి మానేసిన మనిషి.

అదే ప్రశ్న నన్ను నేను తెలుగులోనే అడుక్కుని రికార్డు చేశాను. "అంటే... ఎక్కువే ఇస్తున్నారనుకుంటా. డబ్బులు పెరిగాయి కదా." తొమ్మిది సెకన్లు.

ఇన్నాళ్లూ నాకు ఇంగ్లిషు చాలట్లేదనుకున్నాను. తెలుగులో కూడా నా దగ్గర జవాబు లేదు.

జనవరి 16

ఎందుకు లేదో నైట్ డ్యూటీలో తెలిసింది. రెండు గంటలప్పుడు పదకొండో బెడ్ పెద్దాయన కొడుకు వచ్చి అడిగాడు. "మీకేమనిపిస్తుంది సిస్టర్, నాన్న కోలుకుంటాడా?" నా నోట్లోంచి వచ్చిన మాట నేను ఆలోచించింది కాదు, తొమ్మిదేళ్లుగా అలవాటైంది: "రౌండ్స్‌కి డాక్టర్‌గారు వస్తారు, ఆయన్ని అడగండి."

తప్పు కాదు, అలాగే చెప్పాలి. రోగం ఎటు పోతుందో చెప్పడం నా పని కాదు. బీపీ ఎంతో, మూత్రం ఎంత వచ్చిందో చెప్పడం నా పని. చూసింది చెప్పు, అనుకుంది చెప్పకు. నర్సింగ్ స్కూల్ నుంచి అదే నేర్పారు. ఇంట్లోనూ అంతే, పెద్దవాళ్లు మాట్లాడుతుంటే ఆడపిల్ల మధ్యలో ఏమనుకుంటుందో ఎవరడిగారు? అలాంటిదాన్ని ఒక తెల్లాయన తెర మీదకొచ్చి "వాట్ డూ యూ థింక్?" అనేసరికి గవర్నమెంటుని పిలిచాను. వార్డులో డాక్టర్‌గారు, పరీక్షలో గవర్నమెంటు. నా అభిప్రాయం ఎప్పుడూ ఇంకొకరి దగ్గరే ఉంటుంది.

పరీక్షలో మన అభిప్రాయం తప్పా ఒప్పా అన్నదానికి మార్కులు లేవు. దాన్ని ఎలా నిలబెట్టుకున్నామన్నదే చూస్తారు. ఇది కోచింగ్‌లోనూ చెప్పారు. చెవికెక్కలేదు.

జనవరి 19 నుంచి 25

పద్ధతి మార్చాను. ముందు తెలుగులో జవాబు. వంటింట్లో, స్కూటీ మీద, బట్టలు ఆరేస్తూ. తెలుగులో నిమిషం నిండకపోతే ఇంగ్లిషు జోలికి పోకూడదు. మొదటి రెండు రోజులు మావారు ఫోన్లో ఎవరితో మాట్లాడుతున్నానో అని తొంగి చూశారు.

తర్వాత అత్తయ్య జవాబుని ఇంగ్లిషులో పెట్టే పని. వాక్యానికి వాక్యం మార్చబోయి బోర్లా పడ్డాను. "చదివింపులు"కి మాట లేదు. ఇంటర్నెట్‌లో అరగంట వెతికి, ఆ వెతుకులాటే తప్పని అప్పుడు తట్టింది. మాట లేకపోతే సంగతి చెప్పాలి. "అట్ అవర్ వెడ్డింగ్స్, సమ్‌బడీ యూజ్డ్ టు అనౌన్స్ ఈచ్ గిఫ్ట్ ఆన్ ఎ మైక్, అండ్ ఎ రిలేటివ్ రోట్ ఇట్ డౌన్ ఇన్ ఎ నోట్‌బుక్." అంతే. చిన్న చిన్న మాటలు. ఏడో బ్యాండు వివరణలో పదసంపద దగ్గర ఉన్నది ఇదే, మాట దొరకనప్పుడు చుట్టూ తిరిగి చెప్పగలగడం. నేను ఇన్నాళ్లూ "ప్లెతోరా" లాంటి మాటలు నోట్‌బుక్‌లో ఎక్కించుకుంటూ కూర్చున్నాను.

ఈ వారం దొరికిన అసలు నిధి మాత్రం క్రియల చివర ఉంది. అత్తయ్య "చదివించేవాళ్లం" అంది. ఆ "-ఏవాళ్లం" ఉన్న చోటల్లా ఇంగ్లిషులో "యూజ్డ్ టు". నేను దాన్ని ఎప్పుడూ మామూలు భూతకాలంలో పెట్టి చదును చేసేస్తున్నాను. "అట్టని అందరూ అట్టా లేరులే" అన్నదాన్ని "దట్ డజ్‌న్ట్ మీన్ ఎవ్రీవన్ ఈజ్ లైక్ దట్" అనొచ్చు. "కాకపోతే"కి "ది ఓన్లీ థింగ్ ఈజ్". ఎవరో చెప్పగా విన్నదానికి మనం తగిలించే "అట", అదే "అపారెంట్లీ". "పుస్తకం లేకపోయుంటే ఎవరూ వెళ్లేవాళ్లు కాదు" అనుకుంటే "ఇఫ్ దేర్ హ్యాడ్‌న్ట్ బీన్ ఎ నోట్‌బుక్, నోబడీ వుడ్ హ్యావ్ గాన్". మూడో భాగంలో అడిగేవన్నీ అప్పటికీ ఇప్పటికీ తేడా, కారణం, రేపేమవుతుంది, అలా కాకపోయుంటే, ఇవే. వాటికి కావాల్సిన వ్యాకరణం అంతా నేను రోజూ తెలుగులో తప్పు లేకుండా వాడుతున్నాను. రెండు పేజీల పట్టిక వేసుకున్నాను, ఎడమవైపు అత్తయ్య మాట, కుడివైపు ఇంగ్లిషు.

జనవరి 28

మావాడితో ఫోన్. వాడికి మూడే ప్రశ్నలు ఇచ్చాను, నేనేం చెప్పినా అవే అడగాలి: "ఎందుకు?", "అందరికీ అంతేనా?", "ఇరవై ఏళ్ల తర్వాత?" రెండోసారి "ఎందుకు" అనేసరికి నాకు కోపం వచ్చింది, నిజంగానే. వాడు నవ్వుతున్నాడు. "అత్తా, పరీక్షలో ఆయన మీద కూడా ఇలాగే అరుస్తావా?"

ఆ కోపం గమనించుకోదగ్గదే. నవంబరులో ఆయన మధ్యలో ఆపి "బట్ వై?" అన్నప్పుడు, నేను తప్పు చెప్పాననుకుని కుదించుకుపోయాను. అలా ఆపడం ఆయన పని. టైము దగ్గరపడినా ఆపుతారు, ఇంకాస్త లోతుగా చెప్పిద్దామన్నా ఆపుతారు. మన జవాబు బాగోలేదని కాదు.

ఫిబ్రవరి 2

ఒక తెలివైన పని చేసి దెబ్బ తిన్నాను. మా ఆసుపత్రిలో షిఫ్టు మారేటప్పుడు హ్యాండోవర్ ఎస్‌బార్ పద్ధతిలో ఇస్తాం: ఇప్పటి పరిస్థితి, వెనక కథ, మన అంచనా, చేయాల్సింది. అమెరికా నౌకాదళంలో జలాంతర్గాముల వాళ్లు వాడిన పద్ధతి ఆసుపత్రులకి వచ్చిందట. ఇరవై మంది పేషెంట్లని పది నిమిషాల్లో, సగం ఇంగ్లిషులో, ఎక్కడా తడబడకుండా అప్పజెప్తాను. మరి దీన్నే మూడో భాగానికి వాడితే?

వాడాను. నాలుగు రోజులు అద్భుతంగా నడిచింది. జవాబులు 40 సెకన్లు దాటాయి. తర్వాత వరసగా నాలుగు రికార్డింగులు విన్నాను. ఏ ప్రశ్నకైనా ఒకే నడక. పిల్లలు, టీవీ, చెట్లు, రోడ్లు అన్నీ పేషెంట్లే. పైగా చివర్న "చేయాల్సింది" అన్న గడి ఖాళీగా ఉంటుంది కాబట్టి దాంట్లోకి ఎవరొచ్చి కూర్చున్నారు? గవర్నమెంట్. తరిమినదాన్ని దొడ్డిదారిన నేనే లోపలికి పిలిచాను.

చివరి గడి కొట్టేశాను. "ఏం చేయొచ్చు?" అని వాళ్లు అడిగితేనే సలహా.

ఫిబ్రవరి 6

ఉచ్చారణ. యాసకి మార్కులు తగ్గవు, అర్థమైతే చాలు అంటారు. అయినా ఒకటి సరిచేయక తప్పలేదు. మూడో భాగంలో నేను అందరికంటే ఎక్కువగా పిలిచేవాళ్లు ఇద్దరు, "బికాజ్", "రీజన్". రెండింట్లోనూ ఉన్నది మన జకారం కాదు, తుమ్మెద ఝుంకారం లాంటి శబ్దం. నేను రెండింటినీ "జీలకర్ర" జకారంతో కొడుతున్నాను. మా వైపు "రాజు" అనేటప్పుడు పలికే దంత్య జకారం దానికి దగ్గరి చుట్టం. నాలుక పళ్ల వెనక తగిలి ఆగకుండా, తగలబోయి గాలి వదిలితే వచ్చేస్తుంది. రోజూ స్కూటీ మీద వెళ్తూ "రాజు, రీజన్, రాజు, రీజన్" అని పది నిమిషాలు. సిగ్నల్ దగ్గర పక్క బండాయన విచిత్రంగా చూశాడు.

"వోన్లీ", "యెవ్రీ" కూడా ఉన్నాయి. అచ్చుతో మొదలయ్యే మాటకి ముందు ఒక వకారమో యకారమో అతికించకుండా మన నాలుకకి నిద్ర పట్టదు. చూస్తున్నాను. పూర్తిగా పోలేదు.

ఫిబ్రవరి 8 నుంచి 13

ఏమీ చేయలేదు. ఇద్దరు సిస్టర్లు సెలవు, వరసగా డబుల్ డ్యూటీలు.

ఫిబ్రవరి 15

మళ్లీ లెక్క. మొదటి రోజు ఇచ్చిన అయిదు ప్రశ్నలే ఇచ్చాడు మావాడు. "దట్ మీన్స్" 4. "ఓన్లీ" 2. గవర్నమెంట్ 1, అది కూడా రోడ్ల గురించి అడిగితే, కాబట్టి ఒప్పుకోవచ్చు. జవాబు సగటున 45 సెకన్లు.

"దట్ మీన్స్" తగ్గడం జరిమానా వల్ల కాదు. అది ఎప్పుడు వస్తోందో చూసుకున్నాను. కారణం ఇంకా దొరకకముందే "బికాజ్" అనేస్తున్నాను, ఆ గుంట పూడ్చడానికి "దట్ మీన్స్" దిగుతోంది. ఇప్పుడు గుంట వస్తే ప్రశ్ననే కాస్త ఇరుకు చేస్తున్నాను. "ఇఫ్ వుయ్ ఆర్ టాకింగ్ అబౌట్ విలేజెస్..." అని మొదలుపెడితే ఆలోచించుకోవడానికి నాలుగు సెకన్లూ దొరుకుతాయి, లోకమంతటి గురించీ మాట్లాడే బరువూ దిగుతుంది. తెనాలి చుట్టుపక్కల ఊళ్ల గురించి నాకు అభిప్రాయాలు బోలెడు. ప్రపంచం గురించి అడిగితేనే నోరు పడిపోయేది.

ఫిబ్రవరి 20

కొత్తగా ఏమీ చదవకూడదని నిర్ణయం. జనవరి, మే, సెప్టెంబరుల్లో కార్డులు మారతాయని, ఇప్పుడు నడుస్తున్న కార్డులు ఇవేనని ఒక పీడీఎఫ్ వాట్సాప్‌లో తిరుగుతోంది. మూడో భాగానికి రెడీమేడ్ జవాబులతో సహా. తెరిచి చూశాను. మొదటి జవాబు మొదటి వాక్యం: "వెల్, దట్స్ ఎ థాట్ ప్రొవోకింగ్ క్వశ్చన్." మూసేశాను. బట్టీ జవాబుని పరీక్షకులు ఇట్టే పట్టేస్తారు. మన వార్డులో అబద్ధం దగ్గు దగ్గేవాణ్ని మనం పట్టుకోమూ.

ఫిబ్రవరి 24

విజయవాడ. స్పీకింగ్ వీడియో కాల్‌లో. చిన్న గది, కంప్యూటరు, హెడ్‌ఫోన్లు. తెర మీద ఒక పెద్దావిడ, కళ్లజోడు. గొంతు నిదానం.

కార్డు: ఏదైనా దానికోసం చాలాసేపు ఎదురుచూసిన సందర్భం. రెండో భాగం మామూలుగా గడిచింది. మూడో భాగంలో మొదటి ప్రశ్న, జనానికి వెనకటంత ఓపిక ఇప్పుడు లేదంటారు, మీరు ఒప్పుకుంటారా?

ఇది నా ప్రశ్న. తొమ్మిదేళ్లుగా ఓపీ ముందు, ఐసీయూ తలుపు ముందు కూర్చునేవాళ్లని చూస్తున్నాను. ఒప్పుకోనని చెప్పాను. ఆసుపత్రిలో మనుషులు రోజంతా ఎదురుచూడగలరు, ఎంతసేపో తెలిస్తే. ఎప్పుడు పిలుస్తారో తెలియకపోతే పది నిమిషాలకే గొడవ. అరిచేది ఆలస్యానికి కాదు, చెప్పనందుకు. మేం టోకెన్ నంబర్లు పెట్టాక అరుపులు తగ్గాయి, ఎదురుచూపు మాత్రం తగ్గలేదు. ఇదంతా చెప్తుంటే ఆవిడ తల ఊపింది. తల ఊపడానికి అర్థమేమీ లేదని కోచింగ్‌లో చెప్పారు. అయినా బాగుంది.

"మరి వెనకటి తరం వాళ్లకి ఓపిక ఎక్కువ అనుకోవడం ఎందుకు?" అంది. "మై మదర్ ఇన్ లా వుడ్ సే దే హ్యాడ్ నో చాయిస్" అన్నాను. తెనాలికి బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఉండేవి, దాన్ని ఓపిక అందామా అని. "యూజ్డ్ టు" మూడుసార్లు పడింది, చోటు తప్పకుండా.

మూడో ప్రశ్న అర్థం కాలేదు. వ్యాపార ప్రకటనలు జనం ఓపిక మీద ఎలా పనిచేస్తాయని. ముందు అయితే ఏదో ఒకటి అనేసేదాన్ని. "సారీ, డూ యూ మీన్ దట్ యాడ్స్ మేక్ అస్ ఇంపేషెంట్?" అని అడిగాను. మూడో భాగంలో అడగొచ్చు, ఆవిడ వేరే మాటల్లో మళ్లీ చెప్పింది. జవాబు గొప్పగా రాలేదు. రెండు "దట్ మీన్స్" అక్కడే పడ్డాయి, విన్నాను. ఆ తర్వాతి ప్రశ్నకి వాక్యం మధ్యలో ఉండగానే టైమైపోయింది.

బయటికొచ్చి బెంజి సర్కిల్ దగ్గర టీ తాగాను. అభిప్రాయాలు చెప్పి చెప్పి గొంతు ఆరిపోయింది.

ఫిబ్రవరి 27

వచ్చింది. లిజనింగ్ 7.5, రీడింగ్ 7, స్పీకింగ్ 7. రైటింగ్ 6.

మళ్లీ మొత్తం 7. స్పీకింగ్‌లో అర పెరిగింది, రైటింగ్‌లో అర తరిగింది. ఏడు వారాలు రైటింగ్‌లో ఒక్క ఎస్సే రాయలేదు, అది ఊరుకుంటుందా. డ్యూటీ రూములో కూర్చుని కాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

లండన్‌లో ఉన్న మా సీనియర్ సిస్టర్‌కి మెసేజ్ పెడితే వెంటనే ఫోన్ చేసింది. "పిచ్చిదానా, రెండూ కలిపి చూపించు." కౌన్సిల్ సైటు తీసి నిబంధన చదివాను. 12 నెలల లోపు రాసిన రెండు పరీక్షల మార్కులు కలపొచ్చు, రెండుసార్లూ నాలుగు విభాగాలూ రాసి ఉండాలి. ఏ పరీక్షలోనూ లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్ 6.5కి, రైటింగ్ 6కి తగ్గకూడదు. నవంబరు రైటింగ్ 6.5, ఫిబ్రవరి స్పీకింగ్ 7. మూడుసార్లు చదివాను, మందు చీటీ చదివినట్టు. సరిపోయింది.

సాయంత్రం అత్తయ్యకి ఫోన్ చేశాను. ఆ చదివింపుల సంగతి నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. విని, "ఏడొచ్చిందా? మొత్తం ఎన్నింటికి?" అంది.

"తొమ్మిదికి అత్తయ్యా."

"మరి మిగతా రెండూ ఏమయినాయి?"

"అంటే, అత్తయ్యా..." అని మొదలుపెట్టాను.